నీలం మూత కింద

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు లారీ ఆగి ఉంది. మేస్త్రీ డాష్‌బోర్డు కింద స్కానర్ తగిలించి, తెర మీద అక్షరాలు చదివి, "డెఫ్ ట్యాంకు హీటర్ వాల్వు కోడు వచ్చింది" అన్నాడు. డ్రైవరుకి అంతు పట్టలేదు. "ఏటి బాబూ, మన ఇశాపట్నంలో మంచెక్కడ పడతాది? ట్యాంకుకి హీటరేటి?" అన్నాడు. మేస్త్రీ చేతిలో పని ఎక్కువ, చెప్పే తీరిక తక్కువ. పక్కన నిలబడ్డ నేను మాత్రం ఆ ప్రశ్నను ఇంటికి మోసుకొచ్చాను. అడగాల్సిన ప్రశ్నే అది. జవాబు చెప్పాలంటే ముందు ఆ ట్యాంకులో ఏముందో చెప్పుకోవాలి.

ఈ మధ్య కొన్న పెద్ద లారీలను గమనించండి. డీజిల్ ట్యాంకు పక్కనే ఇంకో చిన్న ట్యాంకు, దానికి నీలం మూత ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. బీఎస్-4 నుంచి మధ్యలో ఐదును వదిలేసి ఒకేసారి ఆరుకు వెళ్లాం. లారీ ఇంజను ఒక కిలోవాట్-అవర్ పని చేస్తే 3.5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలొచ్చని పాత నిబంధన. కొత్త నిబంధనలో అది అర గ్రాము కూడా లేదు, 0.46 గ్రాములు. ఇంజనుకు ఎంత మెరుగులు దిద్దినా ఆ తేడా పూడ్చడం కష్టం. మనం పీల్చే గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. మామూలుగా అది ఎవరి జోలికీ పోదు. డీజిల్ ఇంజను లోపలి వేడికి మాత్రం ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్లుగా మారుతుంది. అవి ఊపిరితిత్తుల్లో మంట పుట్టిస్తాయి, ఎండ తగిలితే నేలకు దగ్గరగా ఓజోన్‌ను పుట్టిస్తాయి.

విశాఖ లాంటి ఊరికి ఇది చిన్న సంగతి కాదు. ఒక పక్క యారాడ కొండ, ఇంకో పక్క సింహాచలం కొండల వరుస, నడుమ గిన్నెలాంటి పల్లం. ఆ పల్లంలోనే 1933లో తెరిచిన ఓడరేవు, దాని వెనక ఫ్యాక్టరీలు, వాటన్నిటి మధ్య నుంచి పోయే లారీలు. దక్షిణాన ఉక్కు కర్మాగారం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన ఊరి పేరు ఉంది. షీలానగర్ రోడ్డు పక్క ఇళ్లలో ఉండేవాళ్లకు లారీ పొగ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఆ ఆక్సైడ్లను విరిచేదే నీలం మూత కింది ద్రవం. అసలు పేరు డీజిల్ ఎగ్జాస్ట్ ఫ్లూయిడ్, పొట్టిగా డెఫ్. డ్రైవర్లు 'యూరియా' అనేస్తారు, అందులో తప్పు లేదు. నూటికి 32.5 పాళ్లు శుద్ధమైన యూరియా, మిగతా 67.5 పాళ్లు ఖనిజాలు తీసేసిన నీళ్లు, అంతే. దీన్ని డీజిల్‌లో కలపరు. పంపు దాన్ని లాగి, ఇంజను దాటాక సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ మీద సన్నగా చిమ్ముతుంది. ఆ వేడికి యూరియా అమ్మోనియాగా మారుతుంది. ముందున్న ఉత్ప్రేరకం దిమ్మ మీద అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎదురుపడి మామూలు నైట్రోజన్, నీటి ఆవిరి అయిపోతాయి. నూరు లీటర్ల డీజిల్ కాలితే సుమారు మూడు నుంచి ఆరు లీటర్ల డెఫ్ ఖర్చవుతుంది.

ఇక మంచు సంగతి. మంచినీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఏదైనా కలిపితే ఆ అంకె కిందికి జారుతుంది. పాతకాలం ఐస్‌క్రీం డబ్బా చుట్టూ ఐసులో ఉప్పు జల్లేది అందుకే. యూరియా కలిపేకొద్దీ కూడా అంతే. నూటికి 32.5 పాళ్ల దగ్గర మైనస్ 11 డిగ్రీలకు చేరుతుంది, అదే అట్టడుగు. ఇంకా కలిపితే అంకె మళ్లీ పైకెక్కుతుంది. అంటే 32.5 అనేది ఎవరికో తోచి పెట్టిన లెక్క కాదు, ఆ ద్రవం స్వభావంలోనే ఉంది. అక్కడ ఇంకో సుగుణం కూడా ఉంది. గడ్డకట్టేటప్పుడు నీళ్లొక పక్కకు, యూరియా ఒక పక్కకు విడిపోవు. రెండూ అవే పాళ్లలో గట్టిపడతాయి, అవే పాళ్లలో కరుగుతాయి. కరిగిన మొదటి చుక్క కూడా పనికొచ్చే డెఫే.

మన చలి పరాక్రమమంతా లంబసింగిలో ఉంది. శీతాకాలం తెల్లవారుజామున అక్కడ సున్నా దరిదాపులకు దిగుతుంది, గడ్డి మీద మంచు పేరుకుంటుంది, జనం చూడ్డానికి కార్లేసుకుని పోతారు. ఆ రాత్రి డెఫ్ డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి వచ్చినా అది గడ్డకట్టదు, ఇంకా పది డిగ్రీలు దిగాలి. కాబట్టి డ్రైవరు మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఉమ్మడి విశాఖ జిల్లాలో ఆ హీటరుకు ఏడాది పొడవునా పని లేదు.

కానీ లారీ విశాఖలోనే ఉండదు కదా. కోల్‌కతా, చెన్నైలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇక్కడ ఇనుప చువ్వలు ఎక్కించుకున్న బండి ఎక్కడెక్కడికో పోయి, అక్కడ దొరికిన లోడుతో ఇంకెక్కడికో పోతుంది. జనవరిలో ద్రాస్ రాత్రులు మైనస్ 20 దగ్గర గడుస్తాయి. లారీ తయారు చేసేవాడు విశాఖకొక బండి, లేహ్‌కొక బండి అని చెయ్యడు. చట్టమూ ఒకటే, ట్యాంకూ ఒకటే.

హీటరు అంటే నీళ్లు కాచుకునే వేడి తీగ ఊహించుకోవద్దు. పెద్ద లారీల్లో ఎక్కువగా ఉండేది ఒక స్టీలు గొట్టం, ట్యాంకు లోపలికి దిగి వంపు తిరిగి పైకి వస్తుంది. అందులో పారేది ఇంజను కూలెంటే. ఇంజను, రేడియేటర్ల మధ్య తిరిగే వేడి ద్రవాన్ని ఒక పాయగా తీసి ఈ గొట్టంలోకి మళ్లిస్తారు. దారిలో ఒక కరెంటు వాల్వు ఉంటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత సెన్సర్, బయట గాలి సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఇంజను కంప్యూటర్ ఆ వాల్వును తెరుస్తుంది, మూస్తుంది. గొట్టం వంపు సరిగ్గా డెఫ్ పీల్చే పైపు చుట్టూనే ఉంటుంది. ట్యాంకంతా కరగాల్సిన పని లేదు, పీల్చే చోట కాస్త కరిగితే పని మొదలవుతుంది, మిగతాది నెమ్మదిగా కరుగుతుంది. మన బీఎస్-6కు నమూనా అయిన యూరో-6 పరీక్షలో ట్యాంకును మైనస్ 18 డిగ్రీల చలిలో గట్టిగా గడ్డకట్టించి, తర్వాత ఇంజను నడిపి, 70 నిమిషాల్లోపు డెఫ్ చిమ్మడం మొదలవుతుందా లేదా చూస్తారు. ఈలోగా బండి కదలకుండా ఆగిపోదు, మామూలుగానే నడుస్తుంది. చల్లటి సైలెన్సర్‌లో చిమ్మినా ఎటూ ఉపయోగం లేదు. ఉత్ప్రేరకం సుమారు 200 డిగ్రీలకు వేడెక్కితేనే పని అందుకుంటుంది.

ట్యాంకు నుంచి చిమ్మే చోటుకు పోయే సన్న పైపులకు కూలెంటు మళ్లించడం కష్టం. వాటి చుట్టూ కరెంటుతో వేడెక్కే తీగ చుడతారు. చిన్న బళ్లలో ట్యాంకును కూడా కరెంటుతోనే వేడి చేస్తారు. అందులో వాడే పింగాణీ బిళ్ల మన ఇళ్లలో ఉన్నదే. దోమల మందు సీసా తగిలించే ప్లగ్గులో ఉండే బిళ్ల అదే జాతి. చల్లగా ఉన్నప్పుడు కరెంటును బాగా పోనిస్తుంది, వేడెక్కేకొద్దీ తానే అడ్డుకుంటుంది. అందుకే రాత్రంతా వెలిగినా మాడిపోదు. చుట్టూ కరిగిన ద్రవం ఖాళీ అయిపోయినా హీటరు కాలిపోకుండా ఈ గుణమే కాపాడుతుంది. డెఫ్ గడ్డకడితే సుమారు 7 శాతం ఉబ్బుతుంది. చలి ప్రాంతానికి పోయేవాళ్లు ట్యాంకును మూతి దాకా నింపొద్దనేది అందుకే.

ఇప్పుడు మన ఊరి కష్టం. ఇక్కడ శత్రువు చలి కాదు, వేడి. ఆ కూలెంటు వాల్వు తెరుచుకున్న చోటే పట్టేసిందనుకోండి. మే నెల ఎండలో, 85, 90 డిగ్రీల కూలెంటు ఆగకుండా డెఫ్ ట్యాంకులో తిరుగుతుంది. కొంతసేపటికి మూత తీస్తే ముక్కు బద్దలయ్యే అమ్మోనియా వాసన వస్తుంది. అంటే సైలెన్సర్ దగ్గర విడిపోవాల్సిన యూరియా ట్యాంకులోనే విడిపోతోంది. ద్రవం పాళ్లు మారిపోతాయి, సెన్సర్ చెడుతుంది, ప్లాస్టిక్ భాగాలు మెత్తబడతాయి. ఆ రోజు మేస్త్రీకి కనిపించిన కోడు ఆ వాల్వుదే. ఎన్నడూ వాడని హీటరే కదా అని వదిలేస్తే, అది చెయ్యని పని వల్ల కాదు, చెయ్యకూడని పని చెయ్యడం వల్ల ఖర్చు తెస్తుంది. వాల్వు అటూ ఇటూ ఉన్న కూలెంటు గొట్టాలను చేత్తో తాకి చూడడం తేలికైన పరీక్ష. వేసవిలో, ఇంజను వేడి మీద ఉండగా, వాల్వు దాటిన గొట్టం కాలిపోతుంటే అది మూసుకోలేదన్న మాట. చెయ్యి కాలకుండా చూసుకోవాలి.

దుకాణం ముందు ఎండలో దొంతర్లుగా పెట్టిన డెఫ్ బకెట్లను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. 25 డిగ్రీలు దాటకుండా ఉంచితే ఏడాదిన్నర నిలవ ఉండే ద్రవం, 30 డిగ్రీల దగ్గర ఏడాదికి, 35 దగ్గర ఆరు నెలలకు దిగిపోతుంది. విశాఖ వేసవిలో రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో మనకు తెలుసు. కొనేముందు బకెట్టు మీద తేదీ చూడడం పాల ప్యాకెట్టు తేదీ చూడడం లాంటిదే.

ట్యాంకులో ఎంత డెఫ్ ఉందో కంప్యూటరుకు చెప్పేది లెవెల్ సెన్సర్. ఇందులో రెండు రకాలు ఎక్కువ. పాతది ఫ్లోట్ రకం. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతిని అందరూ చూసే ఉంటారు, ఇది దాని చిన్న తమ్ముడు. నిలువుగా ఒక గొట్టం, దాని చుట్టూ పైకీ కిందికీ జారే తేలుడు బిళ్ల, బిళ్లలో అయస్కాంతం. గొట్టం లోపల, డెఫ్ తగలకుండా, చిన్న చిన్న గాజు స్విచ్‌లు మెట్లలా పేర్చి ఉంటాయి. గాజు లోపల రెండు పలుచని లోహపు రేకులు. అయస్కాంతం ఎదురుగా వస్తే రెండూ అతుక్కుంటాయి, పోతే విడిపోతాయి. ఏ మెట్టు స్విచ్ అతుక్కుంటే దానికి తగిన విద్యుత్ నిరోధం కంప్యూటరుకు కనిపిస్తుంది. మట్టం అందుకే ధారలా కాక మెట్లుమెట్లుగా తగ్గుతుంది. డాష్‌బోర్డు మీద కాసేపు కదలకుండా ఉన్న ముల్లు ఒక్కసారిగా ఒక గీత దిగితే కంగారు పడక్కర్లేదు, బిళ్ల ఒక మెట్టు దిగిందంతే.

రెండో రకం అర్థం చేసుకోవాలంటే ఆర్కే బీచ్‌కు వెళ్లండి. అక్కడ ఒడ్డుకు చేర్చి మ్యూజియంగా నిలిపిన జలాంతర్గామి కురుసుర, కడలి లోపల చుట్టూ ఏముందో పసిగట్టింది శబ్దంతోనే. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు లోతు చూసుకునే యంత్రాలదీ అదే పద్ధతి. చెవికి వినపడని శబ్దాన్ని కిందికి పంపుతారు, అది అడుగు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. డెఫ్ ట్యాంకులో ఈ బొమ్మ తలకిందులు. శబ్దం పుట్టేది అడుగున, పైకి పోయి ద్రవం ఉపరితలం తగిలి వెనక్కి వస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు పోతుంది. ముప్పై సెంటీమీటర్ల డెఫ్ ఉంటే పోయి రావడానికి సెకనులో రెండున్నర వేల వంతు చాలు. ఆ అణువంత సమయాన్ని తప్పులేకుండా కొలిచి, మన ముల్లుకు అంకె ఇస్తుంది ఆ చిన్న పెట్టె. నాకైతే ఇది చూసినకొద్దీ అబ్బురంగానే ఉంటుంది.

ఇదే శబ్దం ఇంకో పని కూడా చేస్తుంది. సెన్సర్ లోపల ఒక పక్కన, కదలని దూరంలో ఒక అడ్డుగోడ ఉంటుంది. దూరం తెలిసిందే కాబట్టి అక్కడికి పోయి రావడానికి పట్టే సమయం నుంచి శబ్దం వేగం తేలుతుంది. యూరియా ఎక్కువున్న నీటిలో శబ్దం త్వరగా పోతుంది, తక్కువున్నదాంట్లో నెమ్మదిగా పోతుంది. ఉష్ణోగ్రత లెక్క కూడా కలిపి చూస్తే ద్రవంలో యూరియా పాళ్లు తెలిసిపోతాయి. ఎవరైనా బోరు నీళ్లు కలిపితే దొరికిపోయేది ఇక్కడే. ప్రమాణం 31.8 నుంచి 33.2 శాతం వరకే ఒప్పుకుంటుంది.

పాడేరు ఘాటు ఎక్కేటప్పుడు ట్యాంకులో ద్రవం ఒక మూలకు ఒరుగుతుంది, గోతిలో పడితే ఎగిరి పడుతుంది. ఆ క్షణంలో కొలిచింది నమ్మితే ముల్లు పిచ్చెక్కినట్టు ఊగుతుంది. అందుకే కంప్యూటర్ ఒక్క కొలతను నమ్మదు, చాలాసేపటి కొలతల సగటు చూస్తుంది. డెఫ్ పోసిన వెంటనే ముల్లు కదలకపోవడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే. చదునైన చోట ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, కాస్త ఓపిక పట్టాలి. పోసేటప్పుడు పుట్టిన గాలి బుడగలు శబ్దాన్ని చెదరగొట్టి తప్పుడు లెక్క చూపించడం కూడా ఉంటుంది, అవి అణిగితే సర్దుకుంటుంది. గడ్డకట్టిన ట్యాంకులో ఏ సెన్సరూ సరిగా చెప్పలేదు. ఫ్లోట్ మంచులో ఇరుక్కుంటుంది. అప్పుడు కంప్యూటర్ ఉష్ణోగ్రత చూసి ఆ మాటను పక్కన పెడుతుంది. హీటరు, మట్టం, ఉష్ణోగ్రత, నాణ్యత చెప్పేవన్నీ ఒకే తలకాయకు బిగించి ట్యాంకు నెత్తిన దింపడానికి కారణం ఈ చుట్టరికమే. ఒకటి లేకపోతే ఇంకోదాని మాటకు విలువ లేదు.

మన దగ్గర ఈ తలకాయలు ఎక్కువగా చెడేది తెల్ల పొడి వల్ల. డెఫ్‌లో నీరు ఆవిరైపోతే యూరియా స్ఫటికాలుగా మిగులుతుంది. మూత దగ్గర, పైపు బిగింపుల దగ్గర, ఫ్లోట్ జారే గొట్టం మీద ఉప్పు పేరుకున్నట్టు పేరుకుంటుంది. ఫ్లోట్ ఇరుక్కుంటే ట్యాంకు నిండుగా ఉన్నా ఖాళీ అని లైటు వెలుగుతుంది. ఇంకా మోసకారి గుణం ఒకటుంది. సెన్సర్ వైర్లను కలిపే కప్లర్ సీలు దెబ్బతింటే డెఫ్ ఆ వైరు లోపలి రాగి పోగుల వెంట పాకుతూ పోతుంది, దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు. రాగిని అది తినేస్తుంది కూడా. దీనికి తోడు మన సముద్రపు ఉప్పుగాలి బయటి నుంచి పిన్నులను తుప్పు పట్టిస్తుంది. లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి ఒకటి. పోర్టులో రోజూ తిరిగే బండి కప్లర్లను అప్పుడప్పుడూ విప్పి చూడమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతాను. పేరుకున్న పొడిని స్క్రూడ్రైవరుతో గీకొద్దు. యూరియాకు నీళ్లంటే ప్రాణం, ఒక లీటరు నీళ్లలో సుమారు కిలో యూరియా కరిగిపోతుంది. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ పోస్తే తెల్ల పొడి దానంతటదే పోతుంది.

ఉక్కు నగరంలో ఒక మాట చెప్పుకోవాలి. ఇక్కడ కరిగి కడ్డీలయ్యే మామూలు ఉక్కుతో డెఫ్ ట్యాంకు చెయ్యకూడదు. ఈ ద్రవం దాన్ని తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు ఉత్ప్రేరకాన్ని చంపుతుంది. కిలో డెఫ్‌లో ఇనుము అర మిల్లీగ్రాముకు మించకూడదని ప్రమాణం. ట్యాంకుకు ప్లాస్టిక్ గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడతారు. డబ్బు కలిసొస్తుందని పాత డీజిల్ డబ్బాలో, ఇనుప గరాటుతో డెఫ్ పోసేవాళ్లకు ఇది తెలియాలి.

ఇంకో ఆశ పొలం యూరియా. ఓడరేవుల్లో యూరియా దిగుతూనే ఉంటుంది, 45 కిలోల బస్తా సబ్సిడీ మీద చవకగా రైతుకు అందుతుంది. బకెట్ నీళ్లలో అది కలిపేస్తే పోలేదా అన్నది కొందరి లెక్క. 2015 నుంచి మన దేశంలో ఎరువు యూరియాకంతా వేపనూనె పూత ఉంటుంది. ఆ నూనె ఫిల్టరును మూసేస్తుంది. ఎరువులో బైయూరెట్ అనే మలినం కూడా ఎక్కువ. డెఫ్‌లో అది 0.3 శాతం దాటకూడదు. పైగా రైతు కోసం ఇచ్చిన బస్తాను లారీలో పొయ్యడం చట్టం ఒప్పని పని, వరి నాట్ల వేళ బస్తా కోసం బారులు తీరిన వాళ్ల నోటి దగ్గరిది లాక్కున్నట్టు.

సెన్సర్ తప్పుగా చెప్పినా, నిజంగా ట్యాంకు ఖాళీ అయినా లారీకి శిక్ష ఒకటే. యూరో-6 నిబంధనల ప్రకారం మొదట లైటు, తర్వాత ఇంజను బలం పావు వంతు తగ్గింపు, చివరికి గంటకు 20 కిలోమీటర్లు దాటని నడక. 'బండి లాగట్లేదు' అని డ్రైవర్లు చెప్పేది చాలాసార్లు దీన్నే. 2021 చివర్లో చైనా యూరియా ఎగుమతులు బిగించినప్పుడు దక్షిణ కొరియాలో లారీలవాళ్లు ఈ ద్రవం కోసం వరసలు కట్టారు. ఆ రోజుల్లోనే ప్రపంచమంతా చిప్పుల కొరత వచ్చి, అమెరికాలో డెఫ్ ఉన్నా సెన్సర్ దొరక్క లారీలు యార్డుల్లో ఆగిపోయాయి. సెన్సర్ చెడిన బండి నడిచేలా ప్రోగ్రాం మార్చుకోవడానికి అక్కడి పర్యావరణ సంస్థ తాత్కాలికంగా అనుమతించాల్సి వచ్చింది.

డ్రైవరు కష్టం నాకు అర్థమవుతుంది. లోడు సమయానికి చేర్చాలి, యజమాని ఫోను మోగుతూనే ఉంటుంది, లైటు మాత్రం ఆరదు. ఆ సమయంలో ఎవరో వచ్చి, చిన్న పెట్టె ఒకటి వైరింగులో కలిపితే ట్యాంకు నిండుగా ఉన్నట్టు, అంతా బాగున్నట్టు కంప్యూటరుకు అబద్ధం చెబుతుందంటారు. ఆ పెట్టె పెట్టిన లారీ డెఫ్ చిమ్మదు. దానికోసం పెట్టిన ఖరీదంతా వృథా, పొగ పాత లారీ పొగే. అది వెళ్లేది కాన్వెంట్ జంక్షన్ మీదుగా, స్కూలు బస్సుల పక్క నుంచి. నేను ఈ మాట మెత్తగా చెప్పలేను. చెడిన కప్లరు మార్చే ఖర్చును మనం ఊరి పిల్లల ఊపిరి మీద వెయ్యకూడదు.

వారం తర్వాత అదే షెడ్డు దగ్గర ఆ డ్రైవరు మళ్లీ కనిపించాడు. కొత్త వాల్వు వేయించుకున్నాడు. సాయంత్రం బండి ఆపి, తాళం తిప్పి, అలవాటుగా బ్యాటరీ స్విచ్ మీదికి చెయ్యి పోనిచ్చాడు. మేస్త్రీ ఈసారి తీరిక చేసుకుని చెప్పాడు, "ఆగు తమ్ముడూ, పంపు పైపుల్లో ఉన్న డెఫ్‌ని ట్యాంకులోకి ఎనక్కి లాగతంది. ఇప్పుడు కట్ చేసేస్తే అక్కడే ఉండిపోయి గట్టిపడిపోద్ది." ఛాసిస్ దగ్గర నుంచి సన్నగా గుర్రుమన్న చప్పుడు. ఇద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డారు. చప్పుడు ఆగింది. ఇంకో నిమిషం ఆగి, డ్రైవరు స్విచ్ కట్టేశాడు.